ఇంటికి పూచీ ఎవరిది?

మిక్సీ కొన్నామనుకోండి. కొట్టువాడు చిన్న కార్డు మీద తేదీ వేసి, ముద్ర కొట్టి, "రెండేళ్లు గ్యారంటీ అమ్మా, బిల్లు జాగ్రత్త" అని మరీ చెప్పి పంపిస్తాడు. ఇంటికొచ్చి ఆ కార్డుని బీరువాలో పట్టుచీరల కింద దాస్తాం. మూడువేల రూపాయల వస్తువుకి అంత భద్రం! అదే ఇల్లు కొన్నామనుకోండి. ఇరవయ్యేళ్ల జీతం, పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం, మరో ఇరవయ్యేళ్లు బ్యాంకుకి కట్టవలసిన వాయిదాలు, అన్నీ కలిపి పోసి కొన్న ఇంటికి మనం చేసుకునే భద్రం ఏమిటయ్యా అంటే, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టడం. పాలు పొంగిస్తాం. వ్రతం చేసుకుంటాం. వచ్చిన ముత్తయిదువులకి జాకెట్టు గుడ్డలు పెడతాం. దిష్టి తగలకుండా సర్వ ఏర్పాట్లూ జరుగుతాయి. బాత్రూము గోడ చెమ్మ కొడితే ఎవరినడగాలి అన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టదు. ఆ శుభవేళ ఆ మాట ఎత్తితే "అపశకునం పలక్కు" అని పెద్దవాళ్లు కసురుకుంటారు కూడా.

గుమ్మడికాయని వెక్కిరిస్తున్నాననుకోకండి. మా గుమ్మానికీ ఉంది. నేను అనేదల్లా, దాని పక్కన ఒక కాగితం కూడా ఉంటే బాగుంటుందని.

ఆ కాగితం ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. 2016లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. రెరా అని అందరూ పిలిచేది అదే. 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. అందులో 14వ సెక్షన్ ఏమంటుందంటే, ఇల్లు స్వాధీనం చేసిన రోజునుంచి అయిదేళ్లలోపు కట్టడంలో గానీ, పనితనంలో గానీ, నాణ్యతలో గానీ లోపం బయటపడి, అది బిల్డరు దృష్టికి తెస్తే, అతను పైసా అడక్కుండా ముప్ఫయి రోజుల్లో బాగుచెయ్యాలి. చెయ్యకపోతే నష్టపరిహారం ఇచ్చుకోవాలి. చూశారా, మిక్సీకి రెండేళ్లయితే ఇంటికి అయిదేళ్లు. ఫరవాలేదు, కాస్త మర్యాదే!

అయితే ఈ మర్యాద అందరికీ లేదు. 500 చదరపు మీటర్లు మించని స్థలంలోనో, ఎనిమిది ఫ్లాట్లు మించకుండానో కట్టేవాటికి రెరాలో రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్నారు. మన ఊళ్లలో సందుకొకటి లేచే చిన్న అపార్టుమెంట్లు చాలావరకు ఇందులోకే వస్తాయి. ఇక సొంత స్థలంలో కాంట్రాక్టరు చేత ఇల్లు కట్టించుకునేవాళ్ల సంగతి మరీ వేరు. వాళ్లకి వినియోగదారుల చట్టమే దిక్కు. ఇల్లు కట్టివ్వడం కూడా ఒక సేవేనని సుప్రీంకోర్టు 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో చెప్పింది. ఇప్పుడున్న 2019 చట్టం ప్రకారం వివాదం పుట్టిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేసుకోవాలి. అసలు తెలివైన ఇల్లాలు అంతదాకా రానివ్వదనుకోండి. ఆఖరి వాయిదా డబ్బులు కొంగున ముడేసుకుని, "ఒక వానాకాలం వెళ్లనీ బాబూ, తర్వాత ఇస్తాను" అంటుంది. ప్రభుత్వం వాళ్లు రోడ్లకీ వంతెనలకీ కాంట్రాక్టరు బిల్లులో కొంత ఆపి ఉంచేది కూడా ఇందుకే. మన ఇంట్లోనూ అదే పద్ధతి పెడితే తప్పేముంది?

చట్టాల మాట ఇక్కడితో సరి. నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న వేరే ఉంది. చేసినవాడి బాధ్యత చేసిన వస్తువుతో పాటు ఎంతదూరం నడుస్తుంది? తాళాలు చేతికిచ్చాక ఆ గోడ ఎవరిది? నాదా, కట్టినవాడిదా?

ఈ ప్రశ్న ఇవాళ్టిది కాదు. సుమారు 3750 ఏళ్ల కిందట బాబిలోనియాని ఏలిన హమ్మురాబి అనే రాజు తన శాసనాలన్నీ నల్లరాతి మీద చెక్కించాడు. 1901లో ఇరాన్‌లోని సూసాలో తవ్వకాల్లో దొరికిన ఆ రాయి ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అందులో ఇళ్లు కట్టేవాళ్ల గురించి కొన్ని శాసనాలున్నాయి. కట్టిన ఇల్లు కూలి యజమాని చనిపోతే, కట్టినవాణ్ణి చంపెయ్యమన్నాడు. యజమాని కొడుకు చనిపోతే కట్టినవాడి కొడుకుని చంపమన్నాడు. కొడుకేం పాపం చేశాడని అడగడానికి ఆ రోజుల్లో మనం లేం. కానీ ఆ వరసలోనే చివర మరొకటి ఉంది. గోడ ఒరిగితే, కట్టినవాడు తన సొంత ఖర్చుతో దాన్ని గట్టిచెయ్యాలి. అంతే. ఆ తలలు తీసే శాసనాలన్నీ కాలంలో కొట్టుకుపోయాయి. నిలిచింది ఈ బుద్ధిమంతుడైన చిన్న శాసనమే. ఫ్రాన్సులో 1804 నాటి సివిల్ కోడ్ కట్టడం పాడైతే పదేళ్లు పూచీ అంది. జపాన్‌వాళ్లు 2000 నుంచి కొత్త ఇళ్ల మూలకట్టడానికీ, వాననీరు కారకుండా ఉండడానికీ పదేళ్ల పూచీ పెట్టారు. మనవాళ్ల అయిదేళ్లూ ఆ కోవలోదే.

మరి మా అమ్మమ్మల కాలంలో ఏ చట్టం ఉంది? గోదావరి పక్కన మా అమ్మమ్మగారి మండువా ఇల్లు కట్టిన మేస్త్రీ అదే ఊళ్లో, చెరువు అవతల ఉండేవాడట. డంగు సున్నంతో కట్టిన గోడలు. రోజూ ఆ వీధిలోంచే పనికి పోవాలి, అదే అరుగు ముందునుంచి ఇంటికి రావాలి. గోడ బీట తీస్తే ఊరంతా చూస్తుంది. రేపు ఇంకో ఇల్లు కట్టడానికి ఎవరు పిలుస్తారు? అతని ముఖమే గ్యారంటీ కార్డు. ఇప్పుడైతే ఒక్కో వెంచరుకి ఒక్కో కంపెనీ పేరు పెడుతున్నారు. ఆఖరి ఫ్లాటు అమ్ముడయ్యాక సైటాఫీసు రేకుల షెడ్డు విప్పేస్తారు. వాచ్‌మన్ ఒక ఫోన్ నంబరు ఇస్తాడు. అది మోగుతూనే ఉంటుంది.

పాతకాలమంతా బంగారమని పాట పాడబోతున్నానేమోనని భయపడకండి. ఆ మేస్త్రీకి ద్వారబంధం ఎత్తిన రోజున పంచెల చాపు పెట్టారట. గృహప్రవేశం అయిన మర్నాటినుంచి అదే ద్వారం దాటి లోపలికి రానివ్వలేదట. వంటింటి గోడ చేత్తో నునుపు చేసినవాడికి ఆ వంటింట్లో మంచినీళ్లు పుట్టలేదు. ఊరికి భయపడి బాగా పని చేశాడంటే, ఆ భయంలో పనిమీద ప్రేమ ఎంత, కడుపుమీద దెబ్బ ఎంత అన్నది నాకు తేలదు. కాబట్టి ముఖం చూసి నడిచే పూచీ కంటే కాగితం మీద పూచీయే మేలంటాను నేను. కాగితానికి మడీ మైలా ఉండవు.

అయినా కాగితం అన్నీ పట్టుకోలేదు. ఇంటి పని విచిత్రం ఏమిటంటే, ముఖ్యమైనదంతా కంటికి కనబడనిదే. కనబడేవి టైల్సూ, రంగులూ, తలుపు పిడులూ. మనం వాటిని చూసే మురిసిపోతాం. శ్లాబు పోశాక దానిమీద మడులు కట్టి నీళ్లు నిలబెడతారు, చూసే ఉంటారు. మామూలు సిమెంటు కాంక్రీటుని కనీసం 7 రోజులు తడిగా ఉంచాలనీ, ఎండలు మండిపోయే పొడి వాతావరణంలో కనీసం 10 రోజులనీ మన దేశపు ప్రమాణాలు చెబుతున్నాయి. మూడో రోజున ట్యాంకరు రాలేదని ఆపేశారనుకోండి. శ్లాబు చూడ్డానికి ఏ మార్పూ ఉండదు. అదే బూడిద రంగు, అదే నునుపు. లోపల సిమెంటుకి దాహం తీరలేదని ఎవరికి తెలుస్తుంది? నీళ్లు పట్టవలసిన ఆ కుర్రాడికి తెలుసు. మేస్త్రీకి తెలుసు. మనకి అయిదారేళ్ల తర్వాత తెలుస్తుంది.

బాత్రూము సంగతీ అంతే. అక్కడ శ్లాబుని కాస్త దించి పోస్తారు. ఆ గుంటలో పైపులు పరిచి, నీళ్లు దిగకుండా పూత పూసి, ఒకటి రెండు రోజులు నీళ్లు నింపి ఉంచి, కింద చెమ్మ కనబడకపోతే అప్పుడు పైన టైల్సు వెయ్యాలి. ఆ నీళ్లు నింపే పని ఎగ్గొడితే మిగిలేది ఒక్కరోజు కూలి. దాచేది టైలు. ఆ టైలు తళతళా మెరుస్తూనే ఉంటుంది.

అందుకే నాకు అనిపిస్తుంది, గ్యారంటీ అంటే "ఏమీ పాడవదు" అని చెప్పడం కాదని. పాడవని వస్తువేముంది లోకంలో? "నీ కంటికి కనబడనిచోట నేనేం చేశానో నాకు తెలుసు, దానికి నేనే జవాబుదారీ" అని చెప్పడం. కనబడినదానికి గ్యారంటీ ఎందుకు? కళ్లున్నాయిగా.

జవాబుదారీ ఎవరన్నదగ్గర ఇంకో పేచీ ఉంది. బిల్డరుని అడిగితే కాంట్రాక్టరంటాడు. కాంట్రాక్టరు మేస్త్రీ అంటాడు. మేస్త్రీ, "ఆ ఒడిశా కుర్రాళ్లు చేశారమ్మా, వెళ్లిపోయారు" అంటాడు. పాపం, ఎక్కడో పుట్టి, రేకుల గుడిసెలో ఉండి, రోజు కూలికి పదో అంతస్తు మీద ఇటుకలు మోసినవాడి నెత్తిన ఆ చివరి ఇటుక కూడా పెట్టేస్తారు. చట్టం ఈ గొలుసంతా వదిలేసి సూటిగా బిల్డరుని పట్టుకుంది. నాకు అది న్యాయంగానే తోస్తుంది. లాభం ఎవరి జేబులో చేరిందో లోపం కూడా ఆ జేబులోంచే తీర్చాలి. కూలివాడు లాభంలో వాటా అడగలేదుగా!

ఇక అయిదేళ్ల గడువు. ఆరో ఏడు మొదటి రోజు పొద్దున్న ఏమవుతుంది? నిన్నటిదాకా పాపమైనది ఇవాళ కాకుండా పోతుందా? చట్టం ఎక్కడో ఒకచోట గీత గియ్యక తప్పదు. ఇల్లూ ముసలిదవుతుంది. పైగా మనం ఊరుకుంటామా? ఏసీకని గోడకి తూట్లు పొడుస్తాం, బాల్కనీ మూసి గది చేస్తాం, పైన మొక్కలు పెంచుతాం. అవన్నీ కట్టినవాడి ఖాతాలో వెయ్యడం అన్యాయం. అయిదు వానాకాలాలు, అయిదు రోహిణీకార్తెలు చూశాక ఇంటి గుణం చాలావరకు తెలిసిపోతుంది. అంతవరకు ఒప్పుకుంటాను. కానీ నా లెక్కలో లోపాలు రెండు రకాలు, తెలియక జరిగినవీ, తెలిసి దాచినవీ. మొదటిదానికి గడువు ఉండవచ్చు. ఇనుము తగ్గించానని తెలిసినవాడికి, ఉప్పు ఇసుక కలిపానని తెలిసినవాడికి గడువేమిటి? చట్టం వదిలినా, ఆ ఇంట్లో జనం తిరుగుతున్నన్నాళ్లూ వాడు ఆ లోపానికి యజమానే.

ఇంతవరకు రాయడం సులువే. బిల్డర్లని తిట్టడం ఎవరికి కష్టం? మా తోడికోడలు ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు గానీ ఈ లెక్క అసలు బరువు నాకు తెలిసిరాలేదు.

వాళ్లది హైదరాబాద్‌లో నలభై ఫ్లాట్ల అపార్టుమెంటు. 2022లో తాళాలు తీసుకున్నారు. మొదటి వానాకాలం బాగానే గడిచింది. రెండోదానికి పిల్ల పడుకునే గదిలో, పైకప్పుకీ గోడకీ మధ్య, అట్టు మాడినట్టు ఒక మచ్చ తేలింది. పై ఇంటివాళ్ల బాత్రూము సరిగ్గా ఆ గోడ అవతలే. ఫోన్లమీద ఫోన్లు చేస్తే బిల్డరు మనిషి ఇద్దరు కుర్రాళ్లని పంపాడు. వాళ్లు పైకి వెళ్లి టైల్సు సందుల్లో తెల్లసిమెంటు పూసి వెళ్లారు. రెండు నెలల్లో మళ్లీ మచ్చ. మళ్లీ తెల్లసిమెంటు. పిల్లకి తుమ్ములు మొదలయ్యాయి. మంచం హాల్లోకి మార్చారు. ఆ బిల్డరుని మా తోడికోడలు తిట్టిన తిట్లు రాస్తే సంపాదకులు ఈ పేజీ వెయ్యరు.

2025 వేసవిలో పిల్లకి మెడిసిన్ సీటు వచ్చింది, యాజమాన్య కోటాలో. డబ్బు కావాలి. ఇల్లు అమ్మేసి అద్దెకి పోదామనుకున్నారు. నేను వెళ్లేసరికి ఆ గదిలో పెయింటరు నిచ్చెన వేసుకుని ఉన్నాడు. మచ్చ గీకేసి, పుట్టీ పెట్టి, లేత గులాబీరంగు వేస్తున్నాడు. ఆ గదికి మాత్రమే.

"చెబుతావా కొనేవాళ్లకి?" అన్నాను.

"మాకు ఎవరు చెప్పారక్కా?" అంది వెంటనే. ఆ జవాబు ముందే తయారుచేసుకున్నట్టుంది. "మూడేళ్లు మేం పడ్డాం. పిల్ల జబ్బుపడింది. బిల్డరు కారు మారుస్తున్నాడు. ఇప్పుడు నిజం చెప్పి మూడు లక్షలు తగ్గించుకోవాలా? మోసం చేసినవాడు హాయిగా ఉండాలి, మోసపోయినవాళ్లు ధర్మరాజులవాలి, అదేనా నువ్వనేది?"

నాకు జవాబు తోచలేదు. నిజం చెప్పొద్దూ, ఇప్పటికీ ఆ ప్రశ్నకి పూర్తి జవాబు నా దగ్గర లేదు. అన్యాయానికి గురైనవాళ్లకి న్యాయం ఖరీదెక్కువ. కడుపు నిండినవాడు నీతి చెప్పినంత తేలిక కాదు, ఫీజు కట్టవలసిన తల్లి పాటించడం. నా కథల్లో అయితే ఆ అమ్మాయి చేత నిజం చెప్పించి, రెండు పేజీల్లో పాఠకులని ఏడిపించేదాన్ని.

కానీ ఒక్క సంగతి మాత్రం చెప్పాను. రెరాలో ఫ్లాటు మొదట కొన్నవాళ్లే కాదు, తర్వాత వాళ్ల దగ్గర కొన్నవాళ్లు కూడా ఆ హక్కులకి వారసులే. 2022 నుంచి అయిదేళ్లంటే ఇంకా రెండేళ్లు మిగిలి ఉన్నాయి. మచ్చ చూపించి అమ్మితే, కొన్నవాడు ఆ రెండేళ్లలో బిల్డరు గల్లా పట్టుకోగలడు. రంగు వేసి అమ్మితే, అది మళ్లీ తేలేసరికి గడువు దాటిపోవచ్చు. అప్పుడు గట్టెక్కేది ఎవరు? కారు మార్చినవాడే! "నువ్వు గులాబీరంగు వేస్తున్నది నీ గోడకి కాదమ్మాయ్, వాడి పూచీకత్తుకి" అన్నాను. ఇంకొకటి కూడా ఉంది. అమ్మేవాళ్లు తమకి తెలిసిన లోపాన్ని, కొనేవాళ్లు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేనిదాన్ని, చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్లోనే ఉంది. అది బిల్డర్లు పుట్టకముందు రాసింది. మనలాంటివాళ్ల కోసమే రాశారు.

ఆవిడ ఏమీ అనలేదు. పెయింటరుకి టీ ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది. మా మరిది మాత్రం నావైపు చూసిన చూపు బాగాలేదు.

వారం తర్వాత ఫోన్ చేసింది. కొనడానికి వచ్చినవాళ్లలో ఒక ముసలావిడ ఉందట. గదులన్నీ తిరిగి, గులాబీరంగు గోడ మీద అరచెయ్యి పెట్టి, "ఈ గదిలో మా మనవడికి ఉయ్యాల వేసుకోవచ్చు, కదమ్మా?" అందట. అంతే. ఇంకేం అడగలేదు. మా తోడికోడలు ఆవిణ్ణి కుర్చీలో కూచోబెట్టి, ఫోన్లో పాత మచ్చ ఫోటోలు తీసి చూపించిందట, తేదీలతో సహా. బేరం లక్షన్నర తగ్గింది. "నీ సెక్షన్ల ఖరీదు లక్షన్నర అక్కా, ఎప్పుడిస్తావ్?" అంది. నవ్వుతూనే అంది గానీ మా మరిది పక్కన నవ్వడం వినిపించలేదు.

రిజిస్ట్రేషన్‌కి ముందే వీళ్లు బిల్డరుకి రిజిస్టర్డు పోస్టులో ఉత్తరం పంపారు. మూడేళ్లలో మొదటి ఉత్తరం అదే. అంతకుముందువన్నీ ఫోన్లే. ఫోనులో అరిచినదానికి సాక్ష్యం ఉండదని నేను పోరగా పోరగా రాశారు. ఆ ఉత్తరం నకలూ, ఫోటోలూ ఒక ఫైల్లో పెట్టి కొన్నవాళ్లకి ఇచ్చారు. కొన్నాయన మరో ఉత్తరం వేశాడు. ఇరవై నాలుగో రోజున బిల్డరు తరపున ఇంజనీరు వచ్చి చూశాడు. తెల్లసిమెంటుతో పోయేది కాదనీ, పై ఇంటి బాత్రూము టైల్సు పగలగొట్టి, కింద పూత మళ్లీ వెయ్యాలనీ, ఖర్చు తమదేననీ రాసిచ్చాడు.

చిక్కు ఇప్పుడు పై ఇంటివాళ్లతో వచ్చింది. "మా బాత్రూము నిక్షేపంలా ఉంది, మేమెందుకు పగలగొట్టనివ్వాలి?" అన్నారు. వాళ్ల మాటా నిజమే, వాళ్లకి ఒక్క చుక్క చెమ్మ కనబడలేదు. ముసలావిడే మనవణ్ణి చంకనేసుకుని పైకి వెళ్లి, వాళ్లావిడని కిందికి తీసుకొచ్చి, గోడ చూపించిందట. పదిహేను రోజులు స్నానాలకి తమ ఇంటికే రమ్మందట. సంక్రాంతికి కూతురూ అల్లుడూ వచ్చి వెళ్లేదాకా ఆగితే తర్వాత పగలగొట్టుకోండని వాళ్లు ఒప్పుకున్నారు. ఉయ్యాల అందాకా హాల్లోనే వేశారు.